సముద్రము మొదట పెరిగెనా, తగ్గెనా?

నవంబరు మొదటి తేదీ యనగానే తెలుగువారికి 1956లో జరిగిన రాష్ట్రావతరణము స్ఫురించును. బందరు ప్రాంతపు పెద్దలు చెప్పుకొను కథలు విన్నవారికి మఱియొక నవంబరు 1 కూడ జ్ఞప్తికి వచ్చును. 1864లో ఆనాటి రాత్రి గాలివానతో గూడి వచ్చిన ఉప్పెన బందరును ముంచివేసి, ఆ పట్టణమునందును చుట్టుపట్ల పల్లెలయందును కలిపి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. దానికి సరిగా 109 సంవత్సరములు ముందు, 1755 నవంబరు 1వ తేదీ శనివారము ఉదయమున, యూరపు ఖండపు పడమటి కొసనున్న లిస్బను మహానగరము భూకంపముచేతను, సముద్రముచేతను, అగ్నిచేతను ఒక్కనాడే దెబ్బతిన్నది. తేదీలిట్లు కలియుటలో నాకు విశేషార్థమేదియు గోచరింపదు; అట్టి యర్థములను వెదకి వెదకి అలసిన వారి కథ యీ వ్యాసమునందే రానున్నది గనుక ఈ మాట ముందుగానే చెప్పి యుంచుట మేలు.

మన పూర్వులు బుడతకీచులని పిలిచిన పోర్చుగీసువారికి లిస్బను రాజధాని. 1498లో మలబారు తీరమున దిగిన వాస్కో డ గామా ఓడలు తెరచాపలెత్తినది ఆ నగరము ప్రక్కనున్న టేగసు నదీముఖమునుండియే. పదునెనిమిదవ శతాబ్ది మధ్యమునాటికి మిరియముల వ్యాపారము సన్నగిల్లినను, బ్రెజిలు గనుల బంగారము వచ్చిపడుచుండుటచే ఆ నగరమునకు సిరికి కొదవలేదు. జనసంఖ్య సుమారు రెండు లక్షలు. నది యొడ్డుననే రిబెయిరా యను రాజప్రాసాదము; అందు 70,000 గ్రంథములుగల పుస్తకభాండాగారమును, టిషియన్, రూబెన్స్ వంటి చిత్రకారుల పటములును, దూరదేశ నౌకాయాత్రల వ్రాతప్రతులును ఉండెడివి. దాని ప్రక్కనే, ఆ యేటి వసంతమునందే తెఱువబడిన సంగీత నాటకశాల, యింకను పూతల వాసన వదలని భవనము. ఒక్క లోపము మాత్రము కలదు. కొండల నడుమ పల్లమున, నది తెచ్చిపోసిన ఒండ్రుమట్టిమీద, ఇఱుకు సందులలో నాలుగైదంతస్తుల యిండ్లు ఒకదానినొకటి ఆనుకొని నిలిచియుండెను. ఆ పల్లమును వారు బైషా యందురు. ఆ మాటకర్థమును పల్లమనియే.

ఆనాడు సకల పునీతుల పండుగ. చర్చిలన్నియు భక్తులతో క్రిక్కిఱిసియుండెను. ప్రతి పీఠము ముందును క్రొవ్వొత్తులు వెలుగుచుండెను. ఇండ్లలో పండుగ వంటలకు పొయ్యిలు రాజుకొనియుండెను. తొమ్మిదిన్నర దాటిన కొలది నిమిషములకు, రాతిబాటపై బరువు బండ్లు పరుగెత్తినట్టి మ్రోత వినబడి, నేల కదలెను. మొదటి కదలిక స్వల్పము. క్షణకాలమాగి రెండవది, దాని వెంట మూడవది వచ్చెను. మొత్తము మూడున్నర నిమిషములని కొందఱును, ఆఱు నిమిషములని కొందఱును చెప్పిరి. ఇప్పటి లెక్కలనుబట్టి ఆ కంపపు పరిమాణము 8.5కును 9కిని మధ్య. గంటల గోపురములు ఊగి ఊగి, తమంతట తామే గంటలు మ్రోగించుకొని, పైకప్పులమీద కూలినవి. లోపలి జనులపై పైకప్పులు కూలినవి. కార్మో మఠపు చర్చి శిలాకమానులు మాత్రము నిలిచి పైకప్పు పోయెను. నేటికిని అవి ఆకాశము క్రింద అట్లే నిలిచియున్నవి. వానిని మరల కప్పుటకు మొదలిడిన పని నడుమనే ఆగిపోయెను.

బ్రతికి బయటపడినవారు సహజముగా చేయునదే చేసిరి. మీదబడు గోడలకు దూరముగా, బయలు ప్రదేశమునకు, అనగా నది యొడ్డునకు పరుగెత్తిరి. అచ్చట క్రొత్తగా కట్టిన విశాలమైన రాతిరేవు ఒకటి యుండెను. నేల కదలినను రాతిరేవు కదలదనుకొన్నవారు దానిమీద గుమిగూడిరి. అంతలో టేగసు నీరు వెనుకకు తీయసాగెను. ఎన్నడును ఎండ యెఱుగని నదీగర్భము బయల్పడెను. అందు బురదలో మునిగియున్న పాత ఓడల యస్థిపంజరములును, ఎప్పుడో జాఱిపడిన సరకుమూటలును కానవచ్చెను. ఆ వింతను చూచుటకు కొందఱు ఒడ్డుననే నిలిచిపోయిరి. వారిని నిందింపలేము. సముద్రము వెనుకకు పోవుట ప్రమాదసూచన యని వారికి చెప్పినవారెవరు? భూకంపమైన సుమారు నలువది నిమిషములకు అదే నీరు గోడవలె లేచి వచ్చెను. ఒకటి కాదు, మూడు తరంగములు. లిస్బనునొద్ద వాని యెత్తు అయిదాఱు మీటర్లని యంచనా. ఆ రాతిరేవు జనముతో సహా నదిలో కలిసిపోయెను. దానిమీది వారిలో ఒక్క శవమైనను పైకి తేలలేదని నాటివారు వ్రాసిరి. ఇట్టి వేళలలో పుట్టు కథలకు కాళ్ళు త్వరగా వచ్చును గనుక ఆ మాటను నేను పూర్తిగా నమ్మను. రేవు మునిగిన మాట మాత్రము నిజము.

ఉప్పెన యను మాట మనకు ఇంటి మాటయే యైనను, మన యుప్పెనయు ఈ తరంగమును ఒకటి గావు. ఉప్పెన తుపాను తోసితెచ్చు నీరు. గాలి యెంతసేపు త్రోసిన నంతసేపు సముద్రము ఒడ్డునకెక్కును, గాలి తగ్గిన తగ్గును. ఇప్పుడు లోకమంతయు జపాను మాటతో సునామీ యని పిలుచునది సముద్రపు టడుగున పుట్టును. పోర్చుగలుకు నైరృతి దిక్కున, అట్లాంటికు సముద్రగర్భమున, ఆఫ్రికా ఫలకమును యూరేషియా ఫలకమును ఒకదానినొకటి అదుముకొనుచున్నవి. శతాబ్దులపాటు ఓర్చుకొన్న శిల ఒక్కసారిగా తెగి జాఱినపుడు, సముద్రపు నేల విస్తీర్ణమైన మేర కొంత పైకి లేచును, కొంత క్రిందికి దిగును. దానిమీదనున్న నీరంతయు, అడుగునుండి ఉపరితలమువరకు, దానితోపాటు ఎగిరి దిగును. నాలుగువేల మీటర్ల లోతుగల సముద్రమున అట్టి తరంగము గంటకు ఏడువందల కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోవును. అచ్చట దాని యెత్తు మూరెడు కూడ నుండకపోవచ్చును గనుక నడిసంద్రపు ఓడవారికి తెలియనే తెలియదు. తీరమున లోతు తగ్గినకొలది వేగము తగ్గి, వెనుకనుండి వచ్చు నీరు ముందుదానిమీదికెక్కి, తరంగము పెరుగును. తరంగమునకు శిఖరమున్నట్లే పల్లమును ఉండును. పల్లము ముందు చేరినచో సముద్రము వెనుకకు పోయినట్లు కనబడును. టేగసులో జరిగినది అదియే. ఆనాటి కంపము ఏ పగులున పుట్టినదను విషయమై భూశాస్త్రజ్ఞులు నేటికిని వాదించుకొనుచునే యున్నారు. అది పోర్చుగలు నైరృతి కొసనున్న కేప్ సెయింట్ విన్సెంటుకు పడమటగానో నైరృతిగానో సుమారు రెండువందల కిలోమీటర్లలో నున్నదని మాత్రము సామాన్యముగా చెప్పుదురు. ఆ తరంగము స్పెయినులోని కాడిజును, మొరాకో తీరమును కొట్టి, ఇంగ్లండు నైరృతి తీరమును తాకి, ఆనాటి మధ్యాహ్నమునకే అట్లాంటికు నావలి బార్బడోస్, ఆంటిగ్వా ద్వీపములను చేరెను. స్కాట్లండులోని లోక్ లోమండు సరస్సు గాలి లేకుండగనే పొంగి తగ్గెను.

నీరు తాకని చోట నిప్పు తాకెను. చర్చిలలో బోర్లపడిన క్రొవ్వొత్తులు, వంటయిండ్లలో చెదరిన నిప్పులు, పైనుండి గాలి. మంటలు అయిదాఱు దినములు ఆఱలేదు. గోడలు కూలినను మిగిలియుండదగిన వస్తువులన్నియు అప్పుడే పోయినవి: రాజుగారి గ్రంథములు, పటములు, క్రొత్త నాటకశాల, కదలలేని రోగులతో నిండిన సకల పునీతుల ఆసుపత్రి. నగరమునందలి కట్టడములలో నూటికి ఎనుబదియైదు పాడైనవందురు. మృతుల సంఖ్యను పదివేలని చెప్పినవారు కలరు, అఱువదివేలని చెప్పినవారు కలరు. ముప్పది, నలువది వేల నడుమ అని చెప్పువారే యెక్కువ.

అప్పుడు పుట్టినది ప్రశ్న: ఇది యెవరి పాపము? పండుగనాడు, ప్రార్థనవేళ, ప్రార్థించువారి తలలమీదనే దేవాలయములు కూలుట యేమి? ప్రొటెస్టంటు దేశములవారు ఇది పోపు మతమునకు శిక్ష యనిరి. లిస్బను కాథలిక్కులలో కొందఱు, మతభ్రష్టులను ఊరిలో ఉండనిచ్చినందుకు శిక్ష యనిరి. గాబ్రియేల్ మలగ్రీదా యను, జెసూటు మతగురువుల సంఘపు వృద్ధుడు, ఇది ప్రకృతి కార్యమనువారు పాపులనియు, గుడారములు వేసికొనుటకంటె పశ్చాత్తాపము ముఖ్యమనియు 1756లో ఒక చిన్న పుస్తకమే వ్రాసెను. ఈ వాదములకన్నిటికి అడ్డుగా నిలిచినది అల్ఫామా. కొండవాలున ఇఱుకు సందుల పాతపేట అది. పేదలును, నావికులును, వారితోపాటు వేశ్యలును నివసించు చోటు. చర్చిలు కూలిన ఆ యుదయమున ఆ పేట చాలవరకు నిలిచిపోయెను. పాపపుణ్యములతో లెక్కవేసినవారికి ఈ లెక్క ఎంతకును కుదురలేదు. నేలనుబట్టి లెక్కవేసినచో చిక్కేమియు లేదు. గిన్నెలోని జున్నును, గిన్నె ప్రక్కనున్న సన్నికల్లును ఒకే బల్లమీద పెట్టి బల్లను కుదిపి చూడుడు. బైషా జున్నుమీద నున్నది, అల్ఫామా రాతిమీద నున్నది.

రాజైన మొదటి జోజే ఆ యుదయము తెల్లవాఱుజామునే పూజ ముగించుకొని, కుమార్తెలలో ఒకామె కోరికమీద, ఊరి వెలుపలి బెలేమునకు పోయియుండుటచే సకుటుంబముగా బ్రతికెను. కాని ఆయన ధైర్యము మాత్రము బ్రతుకలేదు. కార్యభారమంతయు సెబాస్టియావో జోజే ద కార్వాల్యో ఇ మేలో యను మంత్రిపై పడెను. లోకము ఈయనను తరువాతి బిరుదముతో మార్క్విస్ ఆఫ్ పొంబాలని పిలుచును. ఇప్పుడేమి చేయవలెనని రాజు అడుగగా, చచ్చినవారిని పూడ్చి, బ్రతికినవారికి అన్నము పెట్టవలెనని ఆయన బదులు చెప్పెనని ప్రతీతి. ఆ మాట వేఱొక ప్రభువుదని వాదించువారును లేకపోలేదు. మాట యెవరిదైనను పని ఆయనది. కుళ్ళుచున్న వేలకొలది శవములను పూడ్చుటకు వ్యవధి లేదు గనుక, మతాధికారుల యనుమతితో, ఆచారమునకు విరుద్ధముగా, పడవలకెత్తించి నదీముఖము దాటించి సముద్రమున ముంచించెను. ధాన్యము ధర పెంచరాదని శాసించెను. పని చేయగలవారు ఊరు విడిచి పోకుండ సైన్యమును కాపుంచెను. దోపిడీకాండ్రకై ఎత్తైన చోట్ల ఉరికంబములు నాటించి ముప్పదిమందికి పైగా ఉరితీయించెను. ఇంగ్లండు పార్లమెంటు లక్ష పౌనుల సహాయమును, కొంత ధనరూపముగా కొంత సామగ్రిగా, మంజూరు చేసెను.

ఇవన్నియు సమర్థుడైన యే పాలకుడైనను చేయదగినవే. ఆయన చేసిన మఱియొక పని యున్నది. నా దృష్టిలో దానిముందు తక్కినవన్నియు తక్కువ. 1756లో రాజ్యమునందలి విచారణకర్తలకు, అనగా ఊరూరి గురువులకు, ఒక ప్రశ్నపత్రము పోయెను. అందు దేవుని కోపమును గూర్చిన ప్రశ్న ఒక్కటియు లేదు. కంపము ఏ వేళకు మొదలయ్యెను, ఎంతసేపుండెను? ఒక దిక్కునుండి ఎక్కువగా వచ్చినట్లు తోచెనా? గోడలు ఏ వైపునకు ఎక్కువగా పడినవి? ఎన్ని యిండ్లు కూలినవి, ఎందఱు చనిపోయిరి? నూతులయందును, ఊటలయందును, నదులయందును ఏమి వింత కనబడెను? సముద్రము మొదట పెరిగెనా, తగ్గెనా? మామూలుకంటె ఎన్ని జానలు పెరిగెను, ఎన్నిమార్లు? నేల బీటలు వాఱెనా, వాఱిన అందులోనుండి ఏమి వచ్చెను? తరువాత వచ్చిన కంపములెన్ని? పూర్వమెన్నడైన ఇట్టిది జరిగినట్లు పెద్దలకు జ్ఞాపకమున్నదా? ఊరిలో స్త్రీలెందఱు, పురుషులెందఱు? తిండికి కొఱత కలదా?

పాఠకుడు ఈ ప్రశ్నలను మఱల నొకమాఱు చదువవలెనని నా మనవి. ‘ఎందుకు’ అను మాట వీనిలో ఎచ్చటను లేదు. ‘ఎప్పుడు’, ‘ఎంత’, ‘ఎటు’, ‘ఎన్ని’ మాత్రమే యున్నవి. ఊరిలో ప్రతి ఆదివారము పాపమును గూర్చి ప్రసంగించు గురువే కలము పట్టి, నూతినీరు బురదయైనదనియు, సముద్రము ముందు తగ్గి పిదప పెరిగినదనియు, దానిని జానలతో కొలిచి వ్రాయవలసివచ్చెను. కన్నీరు తుడుచుకొనుచు వ్రాసిన ఆ యంకెలవలననే, రెండున్నఱ శతాబ్దుల పిదప, ఏ యూరున కంపమెంత తీవ్రముగా నుండెనో పటము గీయుటకును, తరంగపు టెత్తును లెక్కగట్టుటకును నేటి శాస్త్రజ్ఞులకు వీలగుచున్నది.

తత్త్వవేత్తలు కూడ ఊరకుండలేదు. ఫ్రెంచి రచయితయైన వోల్టేరు, అంతయు మంచికే యను సిద్ధాంతమును ఎత్తిపొడుచుచు లిస్బను వినాశముపై ఒక కావ్యము వ్రాసి, 1759లో ‘కాందీద్’ కథలోనికి ఆ భూకంపమును తెచ్చెను. రూసో ఆయనకు వ్రాసిన లేఖలో, అంతస్తులమీద అంతస్తులు గల యిండ్లను అంత యిఱుకుగా కట్టుమని ప్రకృతి చెప్పలేదు కదా యని వాదించెను. ఇంజనీర్లు నేటికిని చెప్పుచున్నది ఈ మాటయే గనుక, ఆ జగడములో రూసోదే పైచేయి యని నా తీర్పు. ముప్పదియొకటేండ్ల కాంటు భూగర్భ గుహలలోని వాయువులు కారణమని మూడు వ్యాసములు వ్రాసెను. కారణము తప్పు, కాని దానిని నేలలో వెదకుట ఒప్పు. 1760లో ఇంగ్లీషువాడైన జాన్ మిచెల్, లిస్బను కంపము ఏ యూరికి ఎప్పుడు చేరెనో ఆ వేళలను సరిపోల్చి, అది తరంగరూపమున నిమిషమునకు ఇరువది మైళ్ళకు మించిన వేగముతో వ్యాపించెనని నిర్ణయించెను. భూకంపశాస్త్రమునకు పుట్టుక ఇచ్చటనేయని పలువురి మతము.

మరల కట్టవలసిన నగరము మిగిలియున్నది. ఆ భారము మోసినవాడు మానుయెల్ ద మాయా, రాజ్యపు ప్రధాన ఇంజనీరు; అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియెనిమిది. ఈ వృద్ధునకు మఱియొక కొలువును కలదు: కోటలోని టొంబొ బురుజునందున్న రాజ్యపత్రభాండాగారమునకు ఆయనయే సంరక్షకుడు. బురుజు కూలెను. శిథిలములలోనుండి ఆ పత్రములను వెలికి తీయించి, ఎండకు వానకు పాడుగాకుండ తాత్కాలికముగా కఱ్ఱ పాకలో పదిలపఱచి, పిదప ఆయన నగరపు లెక్కకు కూర్చుండెను. నెల తిరిగిన మూడవ దినమున, డిసెంబరు 4న, ఆయన ప్రణాళిక మంత్రికి చేరెను: ఉన్నదున్నట్లే కట్టవలెనా, వీథులు వెడల్పు చేయవలెనా, పల్లమునంతయు చదును చేసి క్రొత్తగా గీయవలెనా, లేక వేఱొకచోట నగరమే నిర్మింపవలెనా యని. పల్లమును చదును చేయుటకే నిశ్చయమయ్యెను. ఎయుజేనియో దోస్ శాంతోస్, కార్లోస్ మార్డెల్ అను శిల్పులు గీసిన తిన్నని వీథులు, ఒకే యెత్తు భవనములు, ఒకే కొలత కిటికీలు నేటికిని ఉన్నవి. కంసాలులకొక వీథి, వెండిపనివారికొక వీథి, చెప్పులు కుట్టువారికొక వీథి; ఆ పేర్లును ఉన్నవి.

పైకి కనబడనిది గోడలలోపల నున్నది. మెత్తని నేలలో పైను కఱ్ఱ దుంగలు దిగగొట్టి పునాది వేసి, రాతిగోడ లోపల కఱ్ఱతో పంజరము కట్టిరి: నిలువు కమ్ములు, అడ్డు కమ్ములు, వాని నడుమ కత్తెరవలె అడ్డముగా పోవు బద్దలు. రాయి ఊగిన పగులును. కఱ్ఱ ఊగి నిలుచును. గోడ పడినను పంజరము నిలిచి అంతస్తులను మోయవలెనని యూహ. నమూనా పంజరము నొకదానిని కట్టి, దాని చుట్టును సైనికులచే అడుగులు దబదబ వేయించి పరీక్షించిరని చెప్పుదురు. రెండిండ్ల నడుమ నిప్పు దాటకుండ గోడలను పైకప్పుకంటె ఎత్తుగా లేపిరి. మన మన్యపు పల్లెలలో వెదురు తడికెకు మట్టి మెత్తి కట్టిన గోడ నెఱిగినవారికి ఈ పంజరమునందలి యుక్తి క్రొత్తగా తోచదు.

పొంబాలును దేవునిగా పూజింపనక్కఱలేదు. కూలిన నగరమును నిలిపిన చేతితోనే ఆయన ఎదిరించినవారిని నలిపివేసెను. 1759లో జెసూట్లను దేశమునుండి వెడలగొట్టెను. భూకంపమునకు పాపమే కారణమన్న మలగ్రీదాను, మతిస్థిమితము చెడిన డెబ్బదేండ్ల వృద్ధుని, 1761లో మతవిచారణ న్యాయస్థానమునకప్పగించి, గొంతు నులిమించి కాల్పించెను. రాజు మాట వేఱు. ఆయన ఆ నవంబరునుండి రాతిగోడల నడుమ నిదురించుటకు జంకి, అజూడా కొండపై గుడారములలోను, ఆపై కఱ్ఱతో కట్టిన ప్రాసాదములోను కొలువుతీర్చి, 1777లో మరణించువఱకు అట్లే గడపెను. కంపమునకు వెఱచి కట్టిన ఆ కఱ్ఱప్రాసాదము 1794లో నిప్పంటుకొని కాలిపోయెను.

2004 డిసెంబరు 26, ఆదివారము ఉదయమున సుమత్రావద్ద పుట్టిన తరంగము మన తీరమునకు చేరుటకు రెండు గంటలకు పైగా పట్టెను. లిస్బనువారికి దొరికినది నలువది నిమిషములు. అయినను ఆ రెండు గంటలలో మన పల్లెకారులకు వార్త చెప్పువారు లేకపోయిరి. ఒక్క ఆంధ్రతీరముననే వందమందికి పైగా పోయిరి. 2007 అక్టోబరునుండి, సముద్రమే లేని హైదరాబాదులో, ప్రగతినగరునొద్దగల జాతీయ సముద్ర సమాచార కేంద్రమునందు రాత్రింబగళ్ళు సునామీ కాపలా జరుగుచున్నది. కంపము తెలిసిన వెంటనే అచ్చటివారు చూచునది సముద్రపు టడుగున ఉంచిన పరికరములు పంపు నీటిమట్టమును: పెరిగెనా, తగ్గెనా, ఎంత, ఎంతసేపు. తీరవాసులైన పాఠకులకు మాత్రము ఒక్క విన్నపము. కాళ్ళక్రింది నేల నిలువలేనంతగా కదలినను, సముద్రము వేళగాని వేళ వెనుకకు తీసినను, ఆ వింత చూచుటకు ఒడ్డున నిలువవద్దు. సైరను మ్రోగువఱకు ఆగవద్దు. పిల్లలను చంకనెత్తుకొని మెరకకు పొండు.